ఎర్రగా కాలిన అట్లకాడ

యాభైల చివర జగ్గయ్యపేటలో మా కాపురం. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. తొమ్మిది నెలల మా పాపకు రెండు రోజులుగా జ్వరం. మా ఆయన పొరుగూరు వెళ్లారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పాప ఒళ్లు పెనంలా కాలుతుంటే, చలి పుడుతుందేమోనని అత్తగారు బొంత చుట్టారు.

చూస్తుండగానే పాప కళ్లు పైకి తేలిపోయాయి. కాళ్లూ చేతులూ ఎవరో పట్టుకుని విదిలిస్తున్నట్టు కొట్టుకున్నాయి. పెదాలు నీలమయ్యాయి.

"మూర్ఛే! వాత పెట్టాలి" అంటూ అత్తగారు అట్లకాడ పొయ్యిలో దూర్చారు. అది కాలేలోపు గరిటె కాడతో పాప దవడ విప్పబోయారు. చిగురు చీలి నెత్తురొచ్చింది. ఆవిడ చెయ్యి లాగేశాను.

"వదులు! నీ మొగుడి పొట్ట మీద మచ్చ చూళ్లేదూ? ఆ వాతే వాణ్ణి బతికించింది. ముందు పుట్టినోడికి పెట్టనివ్వలేదు, నా ఒళ్లోనే పోయాడు."

"వద్దండి అత్తయ్యా!" అంటూ పాప మీదికి వంగాను. ఆవిడ నా జుట్టు పట్టి గుంజారు. ఎర్రటి అట్లకాడ కిందికి దిగింది. చెయ్యి అడ్డం పెట్టాను. ముంజేతి చర్మం చుయ్‌మంది. ఏనాడూ ఎదురు చెప్పనిదాన్ని, రెండు చేతులా ఆవిడను తోసేశాను. తల గడపకు తగిలి నెత్తురు కారింది.

కేకలకు పక్క వాటాలో ఉండే ఆసుపత్రి నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నోట్లో ఏం పెట్టకండి. గట్టిగా అదిమి పట్టుకోకండి."

బొంత లాగేసి పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నురగ, నెత్తురు బయటికి కారిపోయాయి. గడియారం చూస్తూ కూర్చుంది. మూడు నిమిషాలకు మూర్ఛ ఆగింది. పాప నీరసంగా ఏడ్చింది.

ఆ రోజు ఊళ్లో డాక్టరు లేకపోవడంతో నేనూ, అత్తగారూ, పాపా ముగ్గురం బస్సెక్కి నందిగామ వెళ్లాం. అక్కడి డాక్టరు పాప మెడ వంచి, మాడు తడిమి, చెవిలోకి చూశాడు.

"చెవిలో చీము పట్టింది. ఆ జ్వరానికొచ్చిన మూర్ఛ ఇది. మళ్లీ వచ్చి ఐదు నిమిషాలకీ ఆగకపోతే, వెంటనే తీసుకురండి" అని పెన్సిలిన్ సూది వేశాడు. తర్వాత నా చెయ్యి, అత్తగారి తలకు నర్సమ్మ కట్టిన కట్టు చూసి, "ఇవేంటమ్మా?" అన్నాడు.

"పొయ్యి దగ్గర జారిపడ్డామండి" అన్నారు అత్తగారు.

పాప కోలుకుంది. మేమిద్దరం చాలా రోజులు మాట్లాడుకోలేదు. తోసినప్పుడు ఆవిడ చచ్చిపోయినా సరేననుకున్నాను. ఆ సంగతి ఆవిడకు తెలుసని ఇప్పటికీ నా నమ్మకం.