పాత నంబరు ఉంచుకుంటారా?

"పాత నంబరే ఉంచుకుంటారా, కొత్తది తీసుకుంటారా?" అని ఫోన్ల షాపులో ఆ అమ్మాయి అడిగింది. ఆ రోజుల్లో మనిషి తెలివిని అతని చేతిలోని ఫోన్‌ని బట్టి అంచనా వేసేవారు. అందుకని నేనూ తెలివైనవాడిలా ఒక్క క్షణం పైకప్పు వంక చూసి, "కొత్తది" అన్నాను. ఆ ఒక్క మాట వల్ల తొమ్మిది నెలల తర్వాత ఒక మనిషి రెండు కళ్ళకీ కట్టుతో ఆసుపత్రి మంచం మీద పడుకుని, అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా నన్ను పేరు పెట్టి పిలుస్తాడని నాకు తెలియదు. తెలిసే దారీ లేదు. కాకపోతే, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసే అవకాశం మాత్రం ఆ అమ్మాయి నవ్వుతూ నా చేతికిచ్చింది.

ఐటీ మంచి ఊపు మీదున్న కాలం అది. సింగపూర్‌లో దిగినవాడు పెట్టె విప్పుకోకముందే ఇంకో కంపెనీవాడు పిలిచేవాడు. నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. (తప్పులు పట్టేవాడు తప్పు చేయడని నాకో నమ్మకం ఉండేది.) బుకిట్ పంజాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక గది, ఆ గదిలో రెండు మంచాలు. ఒకటి నాది, రెండోది బావది. బావ నాకు ఏ వరసా కాడు. కాకినాడ మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నోరు తెరిస్తే వెటకారం, కాబట్టి అందరికీ బావే. జురాంగ్ ఐలాండ్‌లో ఒక కెమికల్ ప్లాంటులో సూపర్‌వైజరు. వాళ్ళ ప్లాంటులో కెమెరా ఉన్న ఫోన్‌ని గేటు దాటనివ్వరు, లేని ఫోన్ని కూడా యంత్రాల దగ్గరికి రానివ్వరు. అందుకని బావ దగ్గర కెమెరా లేని నల్ల ఫోనొకటి ఉండేది. పొద్దున లాకర్లో పెట్టి, సాయంత్రం తీసేవాడు. స్మార్ట్‌ఫోన్ కొనమని నేను పోరుపెడితే, "లాకరుకెందుకురా అంత షోకు?" అనేవాడు.

నా షోకు మాత్రం మూడు వారాలు నడిచింది. ఉన్న మూడు ఫోన్ కంపెనీలకీ, నచ్చిన నాలుగు ఫోన్లకీ కలిపి ఎక్సెల్‌లో పెద్ద పట్టిక గీశాను. పచ్చరంగు మంచిది, ఎరుపు చెడ్డది. మూడు కంపెనీల సిమ్ములున్న స్నేహితుల ఫోన్లు అడిగి తెచ్చుకుని, వంటింట్లో, లిఫ్టులో, ఎల్ఆర్‌టీ అనే చిన్న రైలు మలుపు తిరిగే చోట, ఎక్కడ ఎన్ని గీతల సిగ్నల్ వస్తుందో రాసుకున్నాను. ఒక రోజు బాత్రూంలో మూడు ఫోన్లతో ఉండగా బావ తలుపు కొట్టాడు. "ఒరేయ్, పెళ్ళిచూపులక్కూడా ఎవడూ ఇన్నిసార్లు ఎళ్ళడ్రా. ఏదో ఒకదానికి తాళి కట్టేసి బయటికి రా, నాకు డ్యూటీ ఉంది!"

ఆ పట్టికలో లేని గడి ఒక్కటే, నంబరు. దాన్ని మా ఆఫీసులో ఒక పెద్దాయన పూరించాడు. ఆయనకి మేం పెట్టిన పేరు తొమ్మిది గారు. కారు నంబరు, ఇంటి నంబరు, చివరికి కాంటీన్ టోకెన్ కూడా కూడి తొమ్మిది వస్తేనే ముట్టుకునేవాడు. నా పాత నంబరు అంకెలన్నీ కూడి, కళ్ళజోడు తీసి, చావు కబురు చెప్పినట్టు, "ఎనిమిదయ్యా. శని. రెండేళ్ళుగా నీకు ప్రమోషన్ రాలేదంటే ఎందుకొస్తుంది?" అన్నాడు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. నవ్వేశాను. నవ్వుతూనే షాపుకెళ్ళి, ఆ అమ్మాయి చూపించిన నంబర్ల జాబితాలో ఒక్కోటీ వేళ్ళమీద కూడుకుంటూ, తొమ్మిది వచ్చేదాన్ని ఏరుకున్నాను. వెనక వరసలో నిలబడ్డ ఒక చైనా పెద్దాయన నా వేళ్ళ వంక చూసి మెచ్చుకోలుగా తలూపాడు. (ఆయనకి ఎనిమిది అంటే లక్ష్మి అని నాకు ఆ తర్వాత తెలిసింది.)

ఇంటికొచ్చి, తెలిసిన వాళ్ళందరికీ కొత్త నంబరు మెసేజ్ పెట్టాను. బావకి పెట్టలేదు. పక్క మంచం మీద ఉన్నవాడికి మెసేజ్ ఏమిటి? అతని నల్ల ఫోన్ నేనే తీసుకుని, నా పేరు కింద పాత నంబరు చెరిపి కొత్తది ఎక్కించాను. "నంబరు మార్చాను బావా, చూసుకో" అన్నాను. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "నంబరుతో నాకేం పన్రా? నీ పేరు నొక్కితే నువ్వు పలుకుతావు, అంతేగా" అన్నాడు. అంతే అనుకున్నాను నేను కూడా.

తొమ్మిది నెలలు గడిచాయి. ప్లాంటులో షట్‌డౌన్ వచ్చింది, అంటే యంత్రాలన్నీ ఆపి మరమ్మతులు చేసే రోజులు. అప్పుడు బావ రెండేసి రోజులు ఇంటికి రాకుండా అక్కడికి దగ్గర్లోని డార్మిటరీలోనే పడుకునేవాడు. ఆ శుక్రవారం రాలేదు. శనివారం "బిర్యానీ ఉంచనా?" అని మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. రెండు పొట్లాలూ నేనే తిన్నాను. ఆదివారం మధ్యాహ్నం, ఇంటి ఓనరు ఆంటీ పిల్లలకి నా ఫోన్లో ఆటలు చూపిస్తుండగా, తలుపు దగ్గర ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. బావ కింద పనిచేసే వెల్డరు, శ్రీకాకుళం వైపు అతను.

"మీరేనా అండీ ఆ సారు?" అన్నాడు. "శుక్రవారం పైపు జాయింటు ఊడి వేడినీళ్ళు మా సూపర్‌వైజరు గారి మొకం మీద పడిపోనాయండీ. రెండ్రోజులై మీకోసవే సూత్తన్నారు." అని ఆగి, తనని తాను సరిదిద్దుకున్నాడు. "సూత్తన్నారంటే... కళ్ళకి కట్లు గదండీ. అడుగుల సప్పుడు ఇంటన్నారు."

"నాకెవరూ చెప్పలేదే!" అన్నాను.

"అదేటండీ! ఆఫీసోళ్ళు ఫోన్ సేసినారు గదా. ఎత్తి, 'ఓకే, ఓకే, కమింగ్' అన్నారట గదా?"

ఆసుపత్రికి వెళ్ళేదాకా నా చేతిలో ఆ ఖరీదైన ఫోన్ వెలుగుతూనే ఉంది. అన్ని మలుపుల్లోనూ సిగ్నల్ నిండుగా ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే బావ తల ఇటు తిప్పి, "వచ్చావా? ట్రైను దొరకలేదేంట్రా రెండ్రోజులు?" అన్నాడు. గొంతులో వెటకారం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. నర్సు చెప్పింది, అన్నం పెట్టబోతే మొదటి రోజంతా "నా ఫ్రెండ్ వస్తాడు, వాడొచ్చాక తింటా" అన్నాడట. రెండో రోజు, నాకు ఆఫీసులో ముఖ్యమైన పనేదో పడి ఉంటుందని తనే నర్సుకి సర్దిచెప్పాడట.

జరిగింది చిన్న విషయం. ప్రమాదం జరిగినప్పుడు అతని ఫోన్ లాకర్లో ఉంది. నంబరడిగితే బావ కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు చెప్పాడు. ఉద్యోగంలో చేరినప్పుడు ఫారంలో రాసిందీ అదే. రెండూ సరిపోయేసరికి వాళ్ళకి అనుమానం రాలేదు. అవతల ఎవరో ఎత్తారు, వస్తున్నామన్నారు. వాళ్ళ పని అయిపోయింది.

"అది నా నంబరు కాదు బావా. మార్చేశాను. నీ ఫోన్లో నేనే మార్చి పెట్టాను, గుర్తులేదా?"

బావ ఆ పాత నంబరు ఒక్కో అంకె ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఇది కాదా?"

"కాదు."

"మరి వస్తానన్నదెవర్రా?"

నేను వదిలేసిన నంబరు కంపెనీవాళ్ళు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. అంకెలు కూడి నంబరు మార్చిన సంగతి ఆ మంచం పక్కన నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. ఆఫీసువాళ్ళే బిల్లు కడతారని మార్చానని ఏదో అన్నాను.

కుడికన్ను దక్కింది. ఎడమది దక్కలేదు. నేను శుక్రవారమే వచ్చినా పోయేదేనని డాక్టరు చెప్పాడు, అదీ నేను మూడుసార్లు అడిగాక. ఏడాదిలో బావ కాకినాడ వెళ్ళిపోయి మోటార్ల రివైండింగ్ షాపు పెట్టాడు. తొమ్మిది గారు వేరే కంపెనీకి మారిపోయాడు. ప్రమోషన్ నాకు ఆ తర్వాత ఎప్పటికో, అందరితో పాటే వచ్చింది. మూడు ఫోన్లతో బాత్రూంలో నిలబడి గీతలు లెక్కపెట్టిన ఆ కుర్ర ఇంజనీరు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంత జాగ్రత్తగల మనిషి పక్క మంచం వైపు ఒక్కసారి తిరిగి, నంబరు వల్లె వేయించి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

బావ నెలకోసారైనా ఫోన్ చేస్తాడు. మొన్న మాటల మధ్యలో, శని సంగతి, అంకెల సంగతి మొత్తం చెప్పేశాను. కాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక, "పోన్లేరా, ఆ రోజు నీకేం ఇబ్బందొచ్చిందో నేనెప్పుడైనా అడిగానా?" అన్నాడు. ఇబ్బంది ఏమీ లేదు బావా, ఫోన్ ఎత్తింది నేను కాదు, అన్నాను. "సర్లే" అన్నాడు. ఆ మాట నమ్మి అన్నాడో, నన్ను క్షమించి అన్నాడో నాకు ఇంతవరకూ తెలియదు.