గుడ్లగూబ తరఫున వాదించిన స్వామి

కూర్చోండి, ఒక మహాయుద్ధం కథ చెబుతాను. అందులో పదకొండు మంది కాషాయధారులు, ఒక శవం, ఒక భీకర శపథం, నేలపాలైన పప్పుచారు ఉన్నాయి. ఆ దెబ్బకు కరీంనగర్ మొత్తం దద్దరిల్లిపోయింది.

సరే, అంత లేదు. దద్దరిల్లింది ఒక రేకుల షెడ్డు. శవం బొమ్మది. పప్పుచారు మాత్రం నిజంగానే పోయింది.

రెండేళ్ల కింద నేను బైకు మీద నుంచి పడ్డాను. హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. కాపాడింది హెల్మెట్ అని నేను, కొండగట్టు అంజన్న అని నన్ను కన్న అవ్వ. ఇద్దరి వాదనా విన్న బాపు, రోజూ అన్నం పెట్టేది ఎవరో గుర్తు చేసుకుని, అవ్వ వైపు తీర్పిచ్చాడు. అలా నా మెడలో నలభై ఒక్క రోజుల అంజన్న దీక్ష మాల పడింది.

దీక్షలో నాకు రెండు చిక్కులు. ఒకటి, మాల వేసుకున్న ప్రతివాడూ స్వామే. చిన్నప్పటి నుంచి నేను గాడిద అని పిలిచిన నా దోస్తు రమేశ్ కూడా స్వామే. కన్నతల్లి కూడా కొడుకును స్వామి అనే పిలవాలి. రెండోది, మా గురుస్వామి పెట్టిన కట్టడి: "కోపానికొచ్చి ఒక్క బూతు మాట నోట్లకెళ్లి ఎల్లిందా, మాల తీసి ఇంటికి తోలుడే!" ఆయనకు క్లాక్ టవర్ దగ్గర దర్జీ దుకాణం ఉంది. ఎదురుపడిన మనిషికి కళ్లతోనే కొలతలు తీసేస్తారు. ఆ చూపుకే నేను సగం బూతులు మరిచిపోయాను.

నలభయ్యో రోజు మధ్యాహ్నం, గురుస్వామితో కలిపి మేం పదకొండు మందిమి ఉండే రేకుల షెడ్డులో భిక్ష మా అవ్వే పెట్టింది. సాయంత్రం నాలుగింటికి కొండగట్టుకు వ్యాను. తెల్లారితే కొండ మీద మాల విరమణ. సుల్తానాబాద్ చుట్టాలంతా నేరుగా కొండ మీదికే వస్తున్నారు. ఇంకొక్క పూట నోరు మూసుకుంటే అవ్వ మొక్కు తీరిపోతుంది. నోరు మూసుకునే పరీక్షలో నేను ఎన్నడూ పాసైన మనిషిని కాను.

భోజనమయ్యాక గోడ వారకు చేరి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నా సిరీస్ చూస్తున్నాను. దీక్షలో సినిమాలు చూడకూడదు, నిజమే. ఇది సినిమా కాదు కదా! పెద్దల కోసం తీసిన విదేశీ బొమ్మల సిరీస్. హీరో ఒక గుడ్లగూబ. శవాలకు ఆఖరి బట్టలు కుట్టే దర్జీ. తాగుతుంది, ఏడుస్తుంది. తను అన్యాయం చేసిన వాళ్లంతా ఒక్కొక్కరే శవమై దాని బల్ల మీదికే వస్తారు. అబ్బ, ఎంత లోతు! ఇంగ్లీషులోనే చూసేవాణ్ని. సగం అర్థమయ్యేది కాదు. ఆ సగాన్నే లోతు అనుకునేవాణ్ని.

రమేశ్ నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"గీ వయసుల పిల్లీ ఎలుక బొమ్మలు సూస్తున్నవా స్వామి?"

నా రక్తం పెనం మీద నీటిచుక్కలా చిటచిటలాడింది.

"ఇది గసొంటిది గాదు స్వామి. దీన్ల బతుకున్నది."

"దాంట్ల గూడ ఎలుక బతుకుతది గద స్వామి."

"తమరికి దిమాక్ లేదు స్వామి."

"తమరికి ఉన్నదని ఏ డాక్టర్ జెప్పిండు స్వామి? పలిగిన హెల్మెట్ల ఏం దొరకలేదట గద!"

"తమరి మొఖం గోడకేసి రాస్త స్వామి."

"దా స్వామి."

అంత మర్యాదగా కొట్టుకోబోయిన మనుషులను మా జిల్లా అంతకు ముందు చూసి ఉండదు. లొల్లి విని గురుస్వామి వచ్చారు.

"గుడ్లగూబ సినిమా సూస్తుండు గురుస్వామి," అని రమేశ్ అందించాడు.

"గుడ్లగూబనా?" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "దీక్షలనా?"

బుద్ధున్నవాడైతే అక్కడ ఫోన్ మూసేసేవాడు. నేను లేచి నిలబడ్డాను.

"దీన్ని పిల్లల బొమ్మలతోని పోల్చుడు అన్యాయం గురుస్వామి! ఇది ఓ పక్షి పశ్చాత్తాపం. దీన్ల ఒక్క చెడ్డ మాట లేదు. ఉంటే నా మాల తీసేయుండ్రి!"

పప్పుచారు గిన్నె ఎత్తబోతున్న అవ్వ కొయ్యబారిపోయింది. "స్వామీ, జర నోరు మూసుకో స్వామీ!"

"పెట్టు మరి," అన్నారు గురుస్వామి. "సూడకుండ తీర్పు జెప్పద్దు. తెలుగుల పెట్టు, మాకు ఇంగ్లీష్ రాదు."

తెలుగు డబ్బింగ్ ఉందని నాకు తెలుసు. నా స్థాయికి తక్కువని ఎన్నడూ నొక్కలేదు. ఆ రోజు నొక్కాను. ఇయర్‌ఫోన్స్ పీకేసి, సౌండ్ నిండుగా పెంచి, ఫోన్‌ను అరటిపండ్ల గెలకు ఆనించి మొదటి ఎపిసోడ్ పెట్టాను. అందరూ చుట్టూ చేరారు.

గుడ్లగూబ దీపం వెలిగించింది. శవం ముఖం మీది గుడ్డ తీసింది. పదేళ్లుగా మాటల్లేని సొంత అన్న! ఇక్కడ అది మెల్లగా, గద్గదంగా ఒక పొడుగు వాక్యం అంటుంది. ఇంగ్లీషులో అదేదో ప్రార్థన అనుకుని నేను రెండుసార్లు కన్నీళ్లు పెట్టుకున్నాను.

తెలుగులో అది తిట్టు. మామూలు తిట్టా! తల్లి దగ్గర బయల్దేరి, ఏడు తరాలు పైకెక్కి, ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించి, తిరిగి శవం దగ్గరికి దిగింది. ఇక్కడ రాయలేను, ఇది అవ్వ కూడా చదువుతుంది.

అవ్వ చేతిలో గిన్నె జారి పప్పుచారు నాలుగు దిక్కులా పారింది.

"ఇంగ్లీషుల నువ్వు వినేటియి గివేనా స్వామీ?" అంది అవ్వ.

రమేశ్ ముఖం పెళ్లి పందిట్లో సీరియల్ లైటులా వెలిగింది. నా చెయ్యి ఒకటి మాల మీదికి, ఇంకొకటి ఫోన్ ఆపడానికి పోయింది.

"ఆపకు!" అని గురుస్వామి అరిచారు.

ఆయన నా వంక చూడనే లేదు. తెరమీద గుడ్లగూబ టేపుతో అన్న భుజాలు కొలుస్తోంది. ఆఖరి చొక్కా కుడుతూ, అన్న సిగరెట్లు పెట్టుకునే జేబు దగ్గర ఆగి, దానికి రెండు కుట్లు ఎక్కువ వేసింది. గురుస్వామి కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"మా అన్నకు ఆఖరి అంగి నేనే కుట్టిన స్వామి. మాకు గూడ మాటల్లేకుండె. జేబుకు నేను గూడ గిట్లనే రెండు కుట్లు ఎక్కువేసిన."

రమేశ్‌కు మాత్రం ఎక్కడ ఆగాలో తెలియదు.

"అయినా పిల్లీ ఎలుక లెక్కనే ఉన్నది గద గురుస్వామి?"

గురుస్వామి గిర్రున తిరిగారు. "పిల్లి ఎన్నడన్న జేబు కుట్టిందారా?" అంటూ ఒక మాట అన్నారు. గుడ్లగూబది ఏడు తరాల పొడుగు. ఈయనది చిన్నదే, కానీ లోకల్ తయారీ, దెబ్బకు చెవులు గింగురుమన్నాయి.

అన్నాక నోరు మూసుకున్నారు, రెండు చేతులతో. మేం నోళ్లు తెరిచాం, అందరం. నా మాల తియ్యాల్సింది గురుస్వామి. ఆయన మాల తియ్యాల్సింది ఎవరు? ఆయనే రాకపోతే మమ్మల్ని కొండెక్కించేది ఎవరు? అవ్వ పైన రేకుల వంక చూస్తూ అంజన్నకు ఏదో విన్నవించుకుంటోంది. చుట్టాలు అప్పటికే బయల్దేరామని ఫోన్ చేశారు.

గురుస్వామి నోటి మీది చేతులు తీశారు.

"తల మీదికెళ్లి నీళ్లు పోసుకుంటే అయిపోతది. అన్నోళ్లు, విన్నోళ్లు, అందరు."

"మరి మాల తీసుడు, గురుస్వామి?"

"అది మిమ్ముల భయపెట్టనీకి జెప్పిన."

నలభై రోజులు! నలభై రోజుల పాటు రమేశ్ కోసం పుట్టి, నోటిదాకా వచ్చి, నేను మింగేసిన మాటలన్నీ కడుపులో ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

మర్నాడు కొండ మీద, అంజన్న ఎదుట, చుట్టాల సాక్షిగా శపథం చేశాను: ఈ జన్మలో ఏ పక్షి, ఏ జంతువు, ఏ బొమ్మ తరఫునా వకాల్తా పుచ్చుకోను. తప్పనిసరైతే ముందు తెలుగులో, ఒంటరిగా, తలుపేసుకుని వింటాను.

ఇంతకీ ఆ సాయంత్రం మేం కదిలేసరికి ఆరు దాటింది. పదకొండు మందికి ఒకటే బాత్రూమ్, ట్యాంకులో నీళ్లు నలుగురికే సరిపోయాయి, బోరు మోటరుకు కరెంటు ఐదింటికి గానీ రాలేదు.