చిన్న సీసాలో జియోలైట్‌తో పంజాగుట్ట దాకా

హన్మకొండలో మా ల్యాబ్‌లో అన్నీ ఉన్నాయి, మీథేన్‌ను ఏడువందల డిగ్రీల దగ్గర నడిపించే రియాక్టర్ తప్ప. మీథేన్ అంటే మన గోబర్ గ్యాస్‌లో మండేదే. దాన్ని ఊరికే కాల్చేయకుండా, కంటికి కనపడని రంధ్రాలుండే జియోలైట్ అనే ఖనిజం మీదుగా పంపితే మందులకూ రంగులకూ పనికొచ్చే బెంజీన్ అవుతుంది. అలాంటి జియోలైట్ పొడి తయారుచేయడానికి నాకు మూడేళ్లు పట్టింది. దాన్ని పరీక్షించుకోవడానికి పంజాగుట్టలో ఒక ల్యాబ్ వాళ్లు ఒక్కరోజు రియాక్టర్ ఇస్తామన్నారు. ఆ రోజు ఫలితం రాకపోతే నా థీసిస్‌కు చివరి అధ్యాయం లేనట్టే.

తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి ఎనిమిదింటికి సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడి నుంచి మెట్రోలో అమీర్‌పేట. అక్కడే మెట్రో మారితే పంజాగుట్ట ఒక్క స్టేషన్. నాకు తెలివి ఎక్కువై ఆటో ఎక్కాను. వంద రూపాయలు, నలభై నిమిషాలు ఫ్లైఓవర్ కింద హారతి కర్పూరమయ్యాయి.

"మెట్రోల పోతే ఎప్పుడో చేరుతుంటివి కదా మేడమ్," అన్నాడు డ్రైవరన్న. ఎక్కించుకునేటప్పుడు చెప్పొచ్చుగా!

ల్యాబ్‌లో రియాక్టర్ నడిపేది ఖాజా భాయ్. యాభై దాటిన మనిషి. నా పొడి సీసాను వెలుగులో పెట్టి వంచి చూశాడు.

"గిట్ల పిండి లెక్క తెచ్చినవేంది బేటా? గిది గొట్టంల పోస్తే గ్యాస్ పోనే పోదు. రవ్వ లెక్క ఉండాలె."

మళ్లీ రియాక్టర్ దొరకాలంటే నెలలు పడుతుంది. "తిరిగి వెళ్లిపోవాలా భాయ్?"

"ఎందుకు పోతవ్? ఫికర్ చెయ్యకు. బిళ్లలు ఒత్తుదాం."

చేతి ప్రెస్‌లో పొడిని బిళ్లలుగా ఒత్తడం, కల్వంలో నలగ్గొట్టడం, జల్లెడ పట్టడం, కింద రాలిన పిండిని మళ్లీ ఒత్తడం. అది ఆయన పని కానే కాదు. అయినా మధ్యాహ్నం ఒంటిగంట దాకా నాతో కూర్చున్నాడు. రియాక్టర్ వేడెక్కేసరికి మూడున్నర. గ్యాస్ వదిలి అరగంటైనా, బయటికొచ్చే గ్యాస్‌లో ఏముందో గీతలుగా చూపే కంప్యూటర్ తెర మీద బెంజీన్ జాడ లేదు.

"జర ఆగు. మొదట్ల గిట్లనే సతాయిస్తది," అన్నాడు నా ముఖం చూసి.

నాలుగున్నరకు తెర మీద బెంజీన్ గీత పైకి లేచింది. చిన్నదే. నేను ఏడ్చేశాను. ఆయన అప్పుడు గానీ తన టిఫిన్ డబ్బా తెరవలేదు. అందులోంచి ఒక రొట్టె తీసి ముందు నా చేతిలో పెట్టాడు.

తిరుగు రైల్లో కూర్చున్నాక ఆలోచిస్తే సిగ్గేసింది. మూడేళ్ల చదువుతో నేను చేసిన తప్పును ఆయన ఒక్క చూపుతో పట్టేశాడు, ఏమాత్రం విసుక్కోకుండా సరిదిద్దాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. థీసిస్ కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఖాజా భాయ్‌దే. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే సూచన: నేను ల్యాబ్ పెద్దసారుకు పదకొండు మెయిళ్లు పంపాను, పిండి కాదు రవ్వ కావాలన్న సంగతి మాత్రం తెలియలేదు. మీరు రియాక్టర్ నడిపే మనిషికి ముందు ఒక్క ఫోన్ చేయండి.