మిల్లు మేడ మీద మా విమాన కాపలా

గుడివాడలో మా విమాన కాపలా దళం కథ చెప్పి చాలా అరుగుల మీద జనాన్ని నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ ఒక్క సంగతి మాత్రం దాటేశాను. ఆ రోజు కూత వేయమన్నది ఎవరో చెప్పలేదు.

విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డ వేసవి అది. బందరు నుంచి చుట్టాలు వంటపాత్రలతో సహా బళ్ల మీద మా ఊరికి దిగిపోయారు. మాకు సైరన్ రాలేదు. బియ్యం మిల్లు కూతే సైరన్ అన్నారు. ఇకమీదట పనివాళ్లను పిలవడానికి దాన్ని వాడకూడదన్నారు. మిల్లు మేడ మీద కాపలాకు బడి గుమాస్తానైన నన్నూ, మిల్లు ఎదురుగా సోడాలు అమ్మే ఆయన్నూ జతచేశారు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లం. దుర్భిణి నాకు, కూత తీగ ఆయనకు. ఇనుప టోపీ మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే వచ్చింది. ఆయన దాన్ని కొబ్బరినూనెతో తుడిచి, దుకాణంలో కూడా పెట్టుకునే కూర్చునేవాడు.

"టోపీతో కొడితే సోడాలో గ్యాసు ఎక్కువ పడుతుందా బావా?" అనేవాణ్ణి.

"బాంబు పడ్డనాడు నీ నెత్తిన సోడాబుడ్డి బోర్లిస్తాలే!" అనేవాడు.

వైశాఖంలో ఒక ఉదయం మిల్లు పక్క వీధిలో పెళ్లి. మగపెళ్లివారు దివిసీమ నుంచి వచ్చారు. నేను ఆకాశం మానేసి దుర్భిణితో పందిట్లోకి చూస్తున్నాను. ఎందుకో తల ఎత్తితే కొల్లేరు వైపు వరసగా తెల్లటి రెక్కలు. కదలకుండా ఎండకు మెరుస్తున్నాయి.

"విమానాలు! లాగు బావా!"

"చప్పుడేదీ? ఇంకోసారి చూసి చెప్పు."

"కింద మిల్లు మోతలో ఏం వినపడుతుంది? లాగమంటుంటే!"

ఆయన లాగాడు.

ఊరంతా బాంబుల భయంతో తవ్వించుకున్న కందకాల్లోకి దూకింది. పెళ్లివారూ దూకారు. "ముహూర్తం దాటిపోతే నేనేం చెయ్యలేనండీ, ఇక్కడే కట్టించేస్తాను," అన్నారు పురోహితులు గారు కందకంలోంచే. సన్నాయి ఆయన మోకాళ్లు ముడుచుకుని ఊదాడు. తాళి పడింది. చెయ్యి ఎత్తే చోటు లేక అక్షింతలు ఒకరి నెత్తిన ఒకరు పోసుకున్నారు. సరిగ్గా అప్పుడే మా తలల మీదికొచ్చిన విమానాల్లో ఒకటి రెక్కలు ఆడించింది.

గూడబాతులు!

కందకాల్లో లేచిన నవ్వు మేడ మీదికి వినిపించింది. "భోజనాలకు వాటినీ పిలవండయ్యా!" అని పెళ్లికూతురి తండ్రి కేకేశాడు.

మధ్యాహ్నం దళం పై అధికారి వచ్చాడు. ఊళ్లో నవ్వని మనిషి ఆయనొక్కడే. ఎవరు చేశారీ పని అని అడిగాడు.

"నేను అనుమానమే అన్నానండీ. ఈయనే తొందరపడి లాగేశాడు," అన్నాను.

సోడా బావ నా వంక చూశాడు. టోపీ తీసి నా చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

వానలు ముదరకముందే దళాన్ని ఎత్తేశారు. ఆఖర్న మిల్లు ముందు అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. అందులో టోపీ నా నెత్తిన ఉంది. ఆయన ఎదురుగా దుకాణం మెట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఊరు ఆయనకు గూడబాతు సోడా అని పేరు పెట్టింది. ఆ పేరుతో పిలిచినా నవ్వుతూనే పలికేవాడు. నన్ను మాత్రం బావా అనడం మానేసి 'గుమాస్తా గారూ' అన్నాడు. ఇన్నేళ్లూ అంతే.

మొన్న ఆ కందకం దంపతులు తమ కూతురికి ఓణీలు వేశారు. పందిట్లో అందరూ నన్ను పట్టుకుని గూడబాతుల కథ చెప్పమన్నారు. పెళ్లికొడుకు పంచెకు అంటిన బురద దగ్గర్నుంచీ చెప్పాను, పడీపడీ నవ్వారు. ఆయన గోళీసోడాల పెట్టె దించి వెనక్కి తిరగబోతున్నాడు. లేచి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అందరికీ వినపడేలా అన్నాను:

"బావా, విమానాలన్నది నేను. లాగమన్నదీ నేనే. అధికారి ముందు అబద్ధమాడి నీ టోపీ నేను పెట్టుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."