రొయ్య గుమ్మంలో గోబీ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మస్కట్ మొత్తంలో ఒక చేప మీద దొంగతనం మోపి ఖైదు చేసిన వాచ్‌మన్ని నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యంతో నా వీసా రెన్యువల్ కాస్తా పోయేదే.

అజైబాలో ఓ కంపెనీ గేటు దగ్గర నా డ్యూటీ. ఓనర్ని అందరం అర్బాబ్ అంటాం. ఆయన గదిలో ఉప్పునీళ్ళ అక్వేరియం, అందులో పసిఫిక్ నుంచి వచ్చిన గోబీ చేప ఒకటి. వేలెడంత ఉంటుంది, పచ్చగా పసుపు ముద్దలా. తోడుగా ఓ రొయ్య. సమాయిల్‌లో ఖర్జూర తోట చూసుకోవడానికి వెళ్తూ అర్బాబ్, "రోజూ మేత వెయ్యి. వచ్చాక నీ వీసా కాగితం మీద సంతకం పెడతా" అన్నారు.

మొదటిరోజు మేత వేస్తూ చూశాను కదా, చేపా రొయ్యా ఒకే బొరియలో! భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద ఆరేళ్ళు కాపలా ఉన్నవాణ్ణి. చెరువులో చేప కనిపిస్తే ముందు దాన్ని పట్టి గట్టుమీద వెయ్యాలి. లేకపోతే రొయ్యపిల్లంతా దాని పొట్టలోకే.

కడప నుంచి వచ్చిన డ్రైవర్ ఖాదర్ భాయ్‌ని కేకేశాను.

"రొయ్యని మింగుదామని కాచుక్కూచుందండి భాయ్ ఇది. ఆ టీ వడగట్టేది ఇలా ఇవ్వండి."

"తినేదానికే కూచోనుందని నీకెవురు జెప్పినారబ్బా? అర్బాబ్‌కు ఫోన్ జెయ్."

"ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకండీ. నాది ఆరేళ్ళ సర్వీసండి."

"గమ్మునుండప్పా. ఇది చెరువు గాదు" అని ఆయన బండి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

వింటే నేనెందుకవుతాను? అరగంట వేటాడి, చొక్కా అంతా తడుపుకుని, గోబీని గాజు జగ్గులో వేశాను. జగ్గులో తొట్టి నీళ్ళే పోశాను లెండి, ఆ మాత్రం తెలుసు. ఇక రొయ్య బయటికొచ్చి నాకు దండం పెడుతుందని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒక మీసం బయటికొచ్చింది, వణికింది, మళ్ళీ లోపలికి పోయింది.

"ఏం చేస్తున్నావ్?" వెనక నుంచి హిందీలో అర్బాబ్ గొంతు. తోట నుంచి ముందే వచ్చేశారు.

"దొంగని పట్టాను సార్" అన్నాను గర్వంగా.

ఆయన జగ్గు చూశారు, బొరియ చూశారు. "ఆ రొయ్యకి కళ్ళు సరిగా కనపడవు. అది ఇల్లు తవ్వుతుంది, ఈ చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. ఎవరైనా వస్తే తోక ఆడించి చెబుతుంది. నువ్వు పట్టుకుంది వాచ్‌మన్ని."

గోబీని తిరిగి వదిలారు. అది బొరియ ముందు కూర్చుందో లేదో, రొయ్య దాని తోక మీద మీసం ఆనించి బయటికొచ్చింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సార్, నా కాగితం..."

ఆయన పెన్ను తీశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం మీద పెన్ను ఆనించి ఆగారు.

"సంతకం పెడతాలే. కానీ నేను గేటు తీసుకుని, మెట్లెక్కి, ఇక్కడిదాకా వచ్చాను కదా. ఎవరూ తోక ఆడించలేదేం?"

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ రెండు ప్రాణులు ఒకే రూమ్‌లో ఉన్నా, ఎందుకున్నారని అడగను, విడదీయను, అటువైపు కన్నెత్తి చూడను. అది మనవాళ్ళు పదేసి మంది సర్దుకునే రూవి బ్యాచిలర్ రూమైనా సరే.