అరెస్ట్‌లో రెస్ట్

మొన్న మచిలీపట్నంలో ఒక ఆసుపత్రి వరండాలో ఫినాయిల్ వాసన తగలగానే నాన్న పోయిన రోజు గుర్తొచ్చింది.

అప్పుడు నేను మూడో తరగతి. నాకు ఇంగ్లీషు రావాలని నాన్న ఒక ఆట కనిపెట్టాడు. పెద్ద మాటలో దాక్కున్న చిన్న మాటను పట్టుకోవాలి. "ఫారెస్ట్‌లో ఏముందమ్మా?" అనేవాడు. "రెస్ట్!" అని అరిచేదాన్ని. "రెస్టంటే?" "హాయిగా పడుకోవడం!"

ఒక మధ్యాహ్నం ఆయన పొలంలో కుప్పకూలిపోతే గుడివాడ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కాసేపటికి డాక్టరుగారు బయటికొచ్చి మావయ్యతో మెల్లగా, "కార్డియాక్ అరెస్ట్ అండీ. మా చేతుల్లో ఏం లేకుండా పోయింది," అన్నారు. మావయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నేను మాత్రం ఆ కొత్త మాటను అక్షరం అక్షరం విప్పుకున్నాను. చివర్లో రెస్ట్ దొరికింది.

వరండా చివర కూర్చున్న నానమ్మ దగ్గరికి పరుగెత్తాను. "నాన్న రెస్ట్ తీసుకుంటున్నాడంట నానమ్మా! హాయిగా పడుకున్నాడంట!"

"నా తల్లే, చల్లని మాట చెప్పావు!" అంటూ ఆమె మోపిదేవి సుబ్బారాయుడికి దణ్ణం పెట్టుకుంది. "లేస్తే ఆకలంటాడు," అని నన్ను వెంటబెట్టుకెళ్లి ఎదురు హోటల్లో ఇడ్లీ కట్టించింది.

తిరిగొచ్చేసరికి అమ్మ ఏడుపు గేటు దాకా వినిపించింది. నానమ్మ అక్కడే ఆగిపోయింది. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి పొట్లం విప్పింది.

"నువ్వు తినెయ్యమ్మా. ఇవాళ మనింట్లో పొయ్యి వెలగదు."

నాకు ముక్క ముక్కా తినిపించాకే కొడుకును చూడ్డానికి లోపలికెళ్లింది. ఆ కాసేపు ఆమె ఎలా ఓర్చుకుందో నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు.