కాకులు గుర్తుపట్టిన మనిషి

ఆ ఎయిర్‌ఫోర్సు క్యాంపు ఎక్కడుండేదో ఎవరికీ చెప్పనని చేరిన రోజే నాతో సంతకం పెట్టించారు. డెబ్బైల చివర్లో మాట. చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. రేణిగుంట నుంచి సైకిల్ మీద పోయి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేంత దూరం అనుకోండి. నా ఉద్యోగం మాత్రం రహస్యం కాదు. రన్‌వే మీద కాకుల్ని తోలడం.

నవ్వకండి. ఒక్క కాకి ఇంజన్‌లో దూరిందంటే విమానం గతి అంతే. మొదట్లో టపాకాయలు కాల్చి చూశారట. కాకులు రెండు రోజులు భయపడి, మూడో రోజు నుంచి తల తిప్పి చూడటం కూడా మానేశాయి. అప్పుడెవరో ఆఫీసరు, చేలల్లో పిట్టల్ని తోలేవాళ్లను పిలిపించమన్నాడు. ఏర్పేడు పక్క పల్లె నుంచి నేను వెళ్లాను. సజ్జచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పి రాయి విసరడం నాకు చిన్నప్పటి నుంచి చేతిలో పని. పరీక్ష పెట్టిన రోజున ఎక్కడో దూరంగా ఉన్న కిరసనాయిలు డబ్బాను ఒక్క దెబ్బకు మోగించాను. ఖాకీ చొక్కా ఇచ్చారు, నాకూ మా ఇంటామెకూ పిల్లలిద్దరికీ క్వార్టర్సులో రెండు గదులిచ్చారు.

క్వార్టర్సంటే అదో లోకం. పొద్దున కుళాయి దగ్గర బెంగాలీ, మలయాళం, పంజాబీ, అరవం, తెలుగు అన్నీ ఒకేసారి పోట్లాడుకునేవి. సాయంత్రానికి ఆ ఆడవాళ్లే గిన్నెల్లో కూరలు పంపుకునేవాళ్లు. మా పక్కింటి సర్దారు ఇంజన్లు బాగుచేసే సార్జెంటు. మా ఇంటామె నూరే ఊరిబిండి పచ్చడి రుచి మరిగి, చపాతీ చేత్తో పట్టుకుని వచ్చేవాడు. శనివారం మైదానంలో తెర కట్టి హిందీ సినిమా వేస్తే, ఒక్క మాట అర్థం కాకపోయినా మేమూ అందరితో పాటు ఏడ్చేవాళ్లం.

ఈ వైభోగమంతా మా అమ్మకు నచ్చలేదు. చేరిన మూడు నెలలకు ఊరికి పోతే, సంగటి వడ్డిస్తూ అడిగింది.

"చేలో కాకుల్ని తోల్తే నాలుగు గింజలన్నా మిగుల్తాయి. ఆడ తోల్తే ఏం మిగుల్తాదిరా?"

"జీతం మిగుల్తాది," అన్నాను.

"అయితే పోయి ఆ జీతమే తిను."

నాకు ముక్కు మీదే కోపం. ముద్ద ముట్టకుండా లేచి వచ్చేశాను. నెల తిరక్కముందే జ్వరంతో పోయిందని కబురొచ్చింది. నేను వెళ్లేసరికి మాట్లాడటానికి మనిషి లేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి ఊరికి పోదామంటే, విమానాలు ఎక్కువ తిరిగే వారమని ఒక్క పూటే సెలవిచ్చారు. క్వార్టర్సులోనే పెట్టుకున్నాం. మా ఇంటామె సంగటి, అలసంద వడలు, పాయసం చేసింది. అన్నీ విస్తట్లో వడ్డించి పెరటిగోడ మీద పెట్టి, "కా... కా..." అని పిలిచాను. కాకి ముడితే పోయినవాళ్లు తిన్నట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు.

కాకులకేం కొదవ లేదు. నీళ్ల ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి. నన్ను చూశాయి. ఒక్కటీ కదల్లేదు. ఏడాది పాటు రోజూ తరిమినవాడు చేతులు జోడించి భోజనానికి రమ్మంటే ఏ కాకి నమ్ముతుంది?

ఆ తెలివి నాకప్పుడు లేదు. అమ్మకు ఇంకా కోపం తీరలేదనుకున్నాను. ఆమె వడ్డించింది నేను వదిలేశాను, ఇప్పుడు నేను పెట్టింది ఆమె వదిలేస్తోంది. ఎండ నడినెత్తికొచ్చింది.

"నువ్వు పక్కకు పో మామా. నిన్ను సూసే అవి రాకుండా ఉండాయి," అంది మా ఇంటామె.

"పెట్టినోడు ఎదురుగా ఉండల్ల మే. నోరు మూసుకో," అని కసిరాను.

ఆమె గోడ అవతల నిలబడి చూస్తున్న సర్దారుకు సైగలతో సంగతంతా చెప్పింది. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గోడ దూకి వచ్చి, నా రెక్క పట్టుకుని పెరట్లోని కట్టెల గదిలోకి తోసి, బయట గడియ పెట్టి వెళ్లిపోయాడు. ఎంత గింజుకున్నా లాభం లేకపోయింది. రోజూ ఇంజన్లతో కుస్తీపట్టే చేతులవి.

చీకట్లో తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాను. ఏడాదిగా అనలేకపోయిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"తప్పయిపోయినాది మా. ఆపొద్దు నేను తిని ఉండల్ల. వచ్చి రోంత తిను మా."

తలుపు సందులోంచి గోడ కనిపిస్తోంది. చాలాసేపటికి ట్యాంకు మీది నుంచి ఒక కాకి దిగింది. మెడ అటూ ఇటూ తిప్పి, వడను పొడిచింది. తర్వాత ఇంకొకటి వచ్చింది, వెనకే మరో రెండు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మా ఇంటామె మెల్లగా తలుపు దగ్గరకొచ్చింది. ఆమెను చూసి అవి బెదరలేదు.

"మామా, ముట్టినాయి. పిల్లోళ్లు ఆకలంటా ఉండారు. గడియ తీసేదా?"

"పిల్లోళ్లకు పెట్టేయ్ మే. తలుపు మాత్రం తియ్యొద్దు," అన్నాను. "మాయమ్మ ఇంకా తింటా ఉండాది."